భద్రాద్రి పేరు పెట్టారు, లేబుళ్లు కొట్టించారు.. ట్రేడ్‌మార్క్ మాత్రం రావట్లేదు! 'నో' చెప్పడానికి అసలు కారణాలు ఇవే

పాల్వంచ: అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూ, చిరుధాన్యాల బిస్కెట్లు, మిర్చి పొడి.. పాల్వంచ, భద్రాచలం అడవి అంచు ఊళ్ల సరుకు ఒకప్పుడు సంతలో గంపల్లో అమ్ముడుపోయేది. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే పార్సిల్‌లో వెళ్తోంది. సరుకుకి డబ్బా వచ్చింది. డబ్బాకి లేబుల్ వచ్చింది. లేబుల్‌కి ఒక పేరు వచ్చింది. మరి ఆ పేరు మీదేనా? ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు పెట్టాక స్క్రీన్ మీద 'అబ్జెక్టెడ్' అని కనిపించినప్పుడు గానీ ఈ ప్రశ్న చాలామందికి తట్టదు.

అప్పటికి వేల లేబుళ్లు ప్రింటయి ఉంటాయి. వాట్సాప్‌లో కస్టమర్లకు ఆ పేరు అలవాటై ఉంటుంది. కట్టిన ఫీజు తిరిగి రాదు. అసలు తప్పు ఎక్కడ జరుగుతోంది? ఆఫీసులోనా, ఏజెంట్ దగ్గరా? నిజానికి చాలా దరఖాస్తుల జాతకం పేరు పెట్టిన రోజే తేలిపోతుంది. మనకి బాగా నచ్చే పేర్లు మూడు రకాలు. ఊరి పేరు, దేవుడి పేరు, సరుకు పేరు. చట్టం సరిగ్గా ఆ మూడింటినీ అందరి ఉమ్మడి ఆస్తిగా చూస్తుంది. చిక్కంతా ఇక్కడే.

ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలి?

2025 జూన్ 29న 'మన్ కీ బాత్'లో ప్రధాని నరేంద్ర మోదీ భద్రాచలం మహిళల గురించి మాట్లాడారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన మహిళలు ఇప్పుడు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. వాళ్లే తయారుచేస్తున్న 'గిరి' శానిటరీ ప్యాడ్ల ప్రస్తావన కూడా తెచ్చారు.

అంటే ఈ ప్రాంతం సరుకుకు దేశం మొత్తం వినేంత పేరు వస్తోంది. పేరు వచ్చిన చోటికి నకలు రాక మానదు. నకలును ఆపాలంటే పేరు మీద హక్కు ఉండాలి. ఆ హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ 'సరే' అనాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నైలోని రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. అక్కడ దరఖాస్తుకు మూడు రకాలుగా 'నో' వస్తుంది. చట్టం చెప్పే 'నో', పక్కవాడి పేరు చెప్పే 'నో', క్యాలెండర్ చెప్పే 'నో'. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి 'నో': ఆ పేరు ఎవరికీ సొంతం కాదు

పాల్వంచలో ఒక చిన్న వ్యాపారి 'భద్రాద్రి అడవి తేనె' అని పేరు పెట్టాడనుకుందాం. చెవికి బాగుంది. కొనేవాళ్లకి చూడగానే అర్థమవుతుంది. అదే సమస్య. 'భద్రాద్రి' ప్రాంతం పేరు. 'అడవి' ఎక్కడి సరుకో చెప్పే మాట. 'తేనె' సరుకు పేరు. మూడు ముక్కల్లో ఏదీ ఆయన ఒక్కడిది కాదు. రేపు ఇంకొకరు అదే అడవి నుంచి తేనె తెచ్చి అమ్మితే, సీసా మీద ఆ మాట రాయొద్దని ఎలా అంటాం?

1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంలో సెక్షన్ 9 చెప్పేది ఇదే. సరుకు రకం, నాణ్యత, పరిమాణం, వాడకం, పుట్టిన ప్రాంతం.. వీటిని మాత్రమే చెప్పే పేర్లను రిజిస్టర్ చేయరు. 'బెస్ట్', 'నంబర్ వన్', 'స్వచ్ఛమైన' లాంటి పొగడ్త మాటలకూ ఇదే గతి. తెలుగులో రాస్తే చెన్నైలో ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటే పొరపాటే. వేరే భాషలో పేరు ఉంటే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో దరఖాస్తుతో పాటు ఇవ్వాల్సిందే.

ఊరి పేరు విషయంలో పెద్ద కంపెనీలకూ మినహాయింపు దొరకలేదు. సిగరెట్లకు 'సిమ్లా' పేరు కావాలని ఇంపీరియల్ టొబాకో అడిగింది. లేబుల్ మీద మంచు కొండల బొమ్మ కూడా పెట్టింది. సిమ్లా అందరికీ తెలిసిన ఊరు, ఆ పేరును ఒక్క కంపెనీకి కట్టబెట్టలేమని 1977లో కలకత్తా హైకోర్టు తేల్చింది.

ఇక దేవుడి పేర్లు. రాముడి గుడి ఉన్న జిల్లాలో అంగడి పెడితే రాముడి పేరో, సీతమ్మ పేరో, పాల్వంచ దగ్గర పెద్దమ్మ తల్లి పేరో పెట్టుకోవడం భక్తి. బోర్డు మీద పెట్టుకోవద్దని ఎవరూ అనరు. 'ఈ పేరు నా ఒక్కడిదే' అన్నప్పుడే పేచీ. పట్నాకు చెందిన ఒక వ్యాపారి అగరుబత్తులకు 'రామాయణ్' పేరును ట్రేడ్‌మార్క్‌గా అడిగారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పవిత్ర గ్రంథం పేరును ఒకరు సొంతం చేసుకోవడం కుదరదని 2015 అక్టోబర్‌లో తీర్పు వచ్చింది. అయితే ముందో వెనకో మరో మాట చేర్చి, ఆ పేరుకు మతపరమైన అర్థం పోయి కొత్త గుర్తింపు వస్తే పరిశీలించవచ్చని కూడా కోర్టు చెప్పింది.

దేవుళ్ల పేర్లతో రిజిస్ట్రేషన్లే లేవా? ఉన్నాయి. కానీ వచ్చిన హక్కు పల్చగా ఉంటుంది. నెయ్యి అమ్మే ఒక కంపెనీకి 'కృష్ణ' పేరు ప్రత్యేక అక్షరాల్లో రిజిస్టరై ఉంది. ఇంకో కంపెనీ 'లార్డ్ కృష్ణ' అని వాడుతుంటే ఆపమని కోర్టుకెక్కింది. కృష్ణ అనే మాట మీద ఒక్కరికే హక్కు ఉండదని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ వచ్చినా కాపలా కాయలేని పేరు అంటే ఇదే.

సెక్షన్ 9లోనే ఇంకో ముల్లు ఉంది. జనాన్ని తప్పుదారి పట్టించే పేర్లు కూడా చెల్లవు. పెట్టెల్లో పెంచిన తేనెటీగల తేనెకి 'అడవి' అని, ఎరువులు వేసిన పంటకి 'ఆర్గానిక్' అని పేరు పెడితే అభ్యంతరం రావడం ఖాయం.

రెండో 'నో': ఆ పేరు ఇప్పటికే ఎవరికో ఉంది

మీ పేరు కొత్తదే కావచ్చు. కానీ అలాగే వినిపించే పేరు, అదే రకం సరుకుకి ముందే రిజిస్టరై ఉంటే? సెక్షన్ 11 అడ్డుపడుతుంది. అక్షరాలు మార్చాం కదా అంటే సరిపోదు. చెవికి ఎలా వినిపిస్తోంది, కంటికి ఎలా కనిపిస్తోంది, మనసులో ఏ అర్థం మిగులుతోంది.. ఈ మూడూ చూస్తారు.

1962లోనే సుప్రీంకోర్టు 'అమృతధార', 'లక్ష్మణధార' అనే మందుల పేర్లను పక్కపక్కన పెట్టి చూసింది. మామూలు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు తికమకపడతాడా అన్నదే కొలత అంది. రెండూ పోలి ఉన్నాయని తేల్చింది. కాకపోతే రెండో కంపెనీ చాలా ఏళ్లుగా బహిరంగంగా అమ్ముతుంటే మొదటి కంపెనీ ఊరుకుంది కాబట్టి, ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్ట్రేషన్‌ను అనుమతించింది.

పేరు ఒకటే అయినా గట్టెక్కిన కేసూ ఉంది. బెంగళూరులో ఆంధ్ర భోజనానికి పేరుపడ్డ 'నందిని డీలక్స్' హోటళ్లు తెలుసుగా? అక్కడి పాల సమాఖ్య 1985 నుంచి 'నందిని' పేరుతో పాలు అమ్ముతోంది. హోటల్ వాళ్లు 1989 నుంచి ఆ పేరు వాడుతున్నారు. హోటల్‌కి రిజిస్ట్రేషన్ ఇవ్వొద్దని సమాఖ్య పోరాడింది. అప్పీలు బోర్డులో, హైకోర్టులో గెలిచింది కూడా. కానీ 2018 జులై 26న సుప్రీంకోర్టు హోటల్ వైపు తీర్పునిచ్చింది. సరుకు వేరు, లోగో వేరు, జనం తికమకపడరు అన్నది. పాలు, పాల ఉత్పత్తుల జోలికి మాత్రం హోటల్ వెళ్లకూడదు.

ఇందులో చిన్న వ్యాపారికి పనికొచ్చే పాఠం ఏంటి? ఏ సరుకుకి అడుగుతున్నామో కచ్చితంగా రాయడం. సరుకులు, సేవలు కలిపి 45 క్లాసులుగా విభజించారు. తేనె, బిస్కెట్లు, మసాలాలు 30వ క్లాసు. సబ్బులు, అగరుబత్తులు 3వ క్లాసు. బట్టలు 25. హోటల్ సేవలు 43. తప్పు క్లాసులో వేస్తే రిజిస్ట్రేషన్ వచ్చినా మీ సరుకుకి రక్షణ రాదు. ఎందుకైనా మంచిదని క్లాసులోని సరుకులన్నీ రాసేస్తే, ఎవరెవరి పేర్లతోనో గొడవ కొనితెచ్చుకున్నట్టే.

ఈ ముచ్చట హైదరాబాద్‌లోనే తేలింది. వజీర్ సుల్తాన్ టొబాకో 'చార్మినార్' పేరును పొగాకు ఉత్పత్తులన్నిటికీ రిజిస్టర్ చేయించుకుంది. చేసేది మాత్రం సిగరెట్లే. జర్దా, కివాం తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఒకటి దీన్ని సవాల్ చేసింది. చేయని సరుకు మీద పేరు పట్టుకుని కూర్చోవడం కుదరదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 'చార్మినార్' హక్కు సిగరెట్లకే పరిమితమైంది.

మూడో 'నో': గడువు దాటింది

పేరు మంచిదే. పోలిన పేరు కూడా లేదు. అయినా దరఖాస్తు పోతుంది. ఎలా? జవాబు ఇవ్వకపోతే.

దరఖాస్తును పరిశీలించాక రిజిస్ట్రీ ఎగ్జామినేషన్ రిపోర్ట్ పంపుతుంది. అది అందిన నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే 'అబాండన్డ్', అంటే మీరే వదిలేసుకున్నట్టు లెక్క. దరఖాస్తులో ఏజెంట్ ఈమెయిల్ ఇస్తే నోటీసు అక్కడికే వెళ్తుంది. ఏజెంట్ ఫోన్ ఎత్తకపోతే మీకు విషయమే తెలియదు.

2016 మార్చిలో రిజిస్ట్రీ దాదాపు 2 లక్షల దరఖాస్తులను ఇలాగే ఒక్కసారిగా 'అబాండన్డ్' చేసేసింది. అసలు నోటీసులే అందలేదంటూ న్యాయవాదుల సంఘం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్‌లో కోర్టు బ్రేక్ వేసింది. ప్రతిసారీ అలా కోర్టు కాపాడుతుందని కూర్చోలేం.

ఇక్కడ నాలుగు మాటల తేడా తెలిసి ఉండాలి. 'అబ్జెక్టెడ్' అంటే అధికారి ప్రశ్న అడిగారు, ఇంకా దారి ఉంది. 'రిఫ్యూజ్డ్' అంటే విని తిరస్కరించారు. 'అబాండన్డ్' అంటే మీరు పలకలేదు. 'అపోజ్డ్' అంటే జర్నల్‌లో మీ పేరు చూసి ఎవరో వ్యతిరేకించారు. జర్నల్‌లో వచ్చాక 4 నెలల పాటు ఎవరైనా వ్యతిరేకించొచ్చు. ఆ నోటీసు అందిన 2 నెలల్లో మీ సమాధానం వెళ్లాలి. వెళ్లకపోతే అక్కడితో కథ ముగిసినట్టే.

'అబ్జెక్టెడ్' చూసి బెంబేలెత్తాల్సిన పనిలేదు. మహేంద్ర సింగ్ ధోనీ 'కెప్టెన్ కూల్' పేరు కోసం 2023లో దరఖాస్తు పెడితే, పోలిన పేరు ముందే ఉందన్న అభ్యంతరమే వచ్చింది. ఆ పేరంటే జనానికి ధోనీయే గుర్తొస్తాడని వాదించారు. 2025 జూన్‌లో రిజిస్ట్రీ అంగీకరించి జర్నల్‌లో ప్రకటించింది. ధోనీకి ఉన్నంత పేరు మనకి లేకపోవచ్చు. జవాబు ఇచ్చే హక్కు మాత్రం అందరికీ ఒకటే.

'ముందు వేసినవాడిదే పేరు' నిజమేనా?

2025 మే 7న 'ఆపరేషన్ సిందూర్' మొదలైన రోజే ఆ పేరు కోసం దరఖాస్తులు పడ్డాయి. వినోద సేవల క్లాసులో రిలయన్స్ ఇండస్ట్రీస్ పేరుతోనూ ఒకటి పడింది. విమర్శలు రావడంతో, జూనియర్ ఉద్యోగి అనుమతి లేకుండా వేశారంటూ కంపెనీ మర్నాడే వెనక్కి తీసుకుంది. ముందు కర్చీఫ్ వేస్తే సీటు మనదే అన్న ఆలోచన ఎంత దూరం వెళ్లిందో దీంతో తెలిసింది.

మన చట్టంలో కర్చీఫ్ కంటే కూర్చున్నవాడికే బలం. ముందు నుంచి నిజాయతీగా వాడుతున్నవాళ్ల హక్కును సెక్షన్ 34 కాపాడుతుంది. అందుకే వాడకానికి రుజువులు కీలకం. బిల్లులు, పాత లేబుళ్లు, తేదీలున్న ప్రకటనలు, ఆన్‌లైన్ ఆర్డర్ల రికార్డులు దాచుకోవాలి. సరుకును వర్ణించే పేరైనా సరే, దరఖాస్తు తేదీకి ముందే ఏళ్లుగా వాడి, వినగానే మీ సరుకే గుర్తొస్తుందని రుజువు చేస్తే రిజిస్ట్రేషన్ వచ్చే వీలుంది.

పేరు పెట్టేముందు ఇవి చేయండి

1. సరుకుతో సంబంధం లేని మాట వెతకండి. 'ప్రియ' అంటే పచ్చడి కాదు. 'హెరిటేజ్' అంటే పాలు కాదు. అందుకే అవి గుర్తుండిపోయాయి. కొత్తగా కల్పించిన మాటైతే ఇంకా మంచిది.

2. ఊరి పేరు వదల్లేకపోతే, దానికి ముందు మీ సొంత మాట ఒకటి పెట్టండి. లేబుల్ మొత్తం రిజిస్టరైనా, అందులోని ఊరి పేరు మీద విడిగా హక్కు రాదని మాత్రం గుర్తుంచుకోండి.

3. ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. మీ పేరును రకరకాల స్పెల్లింగులతో వెతకండి. ఉచ్చారణతో వెతికే ఆప్షన్ కూడా ఉంది, దాన్ని వదలొద్దు. లోగో ఉంటే బొమ్మల కోడ్‌తోనూ చూడాలి.

4. సినిమా హీరో పేరో, ఫొటోనో పెట్టేముందు ఆలోచించండి. బతికున్నవాళ్లదైనా, చనిపోయి 20 ఏళ్లు దాటనివాళ్లదైనా సమ్మతి పత్రం అడగొచ్చు.

5. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మిగతావాళ్లకు 9,000. చిన్న పరిశ్రమ అని చెబితే ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేయాలి.

6. ఎప్పటి నుంచి వాడుతున్నారో నిజం రాయండి. పాత తేదీ వేస్తే అఫిడవిట్, రుజువులు ఇవ్వాలి. ఇంకా మొదలుపెట్టకపోతే 'వాడబోతున్నాం' అని రాస్తే సరిపోతుంది.

7. దరఖాస్తులో మీరు రోజూ చూసే ఈమెయిల్ ఉండేలా చూసుకోండి. దరఖాస్తు నంబర్ మీ దగ్గర పెట్టుకోండి. స్టేటస్ నెలకోసారైనా మీరే చెక్ చేయండి. విచారణలు వీడియో కాన్ఫరెన్స్‌లో జరుగుతున్నాయి కాబట్టి చెన్నై వెళ్లాలన్న భయం అక్కర్లేదు.

8. రిజిస్టర్ కాకముందే వృత్తంలో 'ఆర్' గుర్తు వేయొద్దు. అది చట్టవిరుద్ధం, జరిమానా పడొచ్చు. అప్పటిదాకా 'టీఎం' అని వేసుకోవచ్చు.

9. తిరస్కరించినా దారులు ఉన్నాయి. నెలలోపు రివ్యూ అడగొచ్చు. మూడు నెలల్లోపు హైకోర్టులో అప్పీలు చేయొచ్చు.

జీఎస్టీ ఉంది కదా, చాలదా?

చాలదు. జీఎస్టీ నంబర్, ఫుడ్ లైసెన్స్, కంపెనీ రిజిస్ట్రేషన్.. ఇవేవీ పేరు మీద హక్కు ఇవ్వవు. సారపాకలో కాగితం మిల్లు నడిపిన సంస్థ ఒకప్పుడు 'ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్'. కంపెనీ పేరులో ఊరి పేరు ఉండొచ్చు. కంపెనీ పేరు వేరు, ట్రేడ్‌మార్క్ వేరు.

మరి ఊరి పేరుకు దిక్కెవరు?

ఊరి పేరు ఒక్కరికి ఇవ్వరు సరే, ఊరందరికీ ఇచ్చే దారి ఉంది. అదే జీఐ, భౌగోళిక గుర్తింపు. తిరుపతి లడ్డూకి 2009లో, హైదరాబాద్ హలీంకి 2010లో, తాండూరు కందికి 2022లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో ఈ గుర్తింపు వచ్చింది. సరుకు గుణానికి, ఆ నేలకి సంబంధం ఉందని రుజువు చేయాలి. సంఘంగా అడగాలి. మహిళా సంఘాల సమాఖ్యలకు 'కలెక్టివ్ మార్క్' అనే ఇంకో దారి కూడా ఉంది. పేరు సమాఖ్యది, వాడుకునేది సభ్యులందరూ.

సంఘాలకు ఇది చాలా ముఖ్యం. దరఖాస్తు ఒక సభ్యురాలి పేరుతోనో, సాయం చేసిన మధ్యవర్తి పేరుతోనో పడితే, రేపు పేరు పెరిగాక హక్కు ఎవరిదన్న గొడవ వస్తుంది. బిస్కెట్ చేసిన చేతులు ఒకచోట, కాగితం మీద యజమాని ఇంకోచోట ఉంటే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు.

'భద్రాద్రి'ని ఒక్కరికి ఇవ్వకపోవడం అన్యాయం కాదు. అది తర్వాత వచ్చే వందమందికి రక్షణ. సమస్య చట్టం కంటే దారిలోనే ఎక్కువుంది. నోటీసు ఇంగ్లిష్‌లో వస్తుంది. గడువు నెల రోజులే. అడవి అంచు గ్రామంలో మెయిల్ తెరిచి, అర్థం చేసుకుని, జవాబు రాయించే సరికే సగం రోజులు గడిచిపోతాయి. సంఘాలకు మెషిన్లు, రుణాలు, స్టాళ్లు ఇప్పిస్తున్న ఐటీడీఏ, జిల్లా పరిశ్రమల కేంద్రం ఇంకో చిన్న పని చేస్తే చాలు. లేబుల్ ప్రింటింగ్‌కి వెళ్లకముందే ఆ పేరును రిజిస్ట్రీలో వెతికిపెట్టే ఒక మనిషి, వచ్చిన నోటీసును తెలుగులో చెప్పి గడువులోపు జవాబు రాయించే ఒక డెస్క్. దానికి అయ్యే ఖర్చు, ప్రింటయి మూలన పడ్డ లేబుళ్ల ఖర్చు కంటే ఎక్కువేం ఉండదు.